మూడు వైపులా రొయ్యల చెరువులు వచ్చాయి, మిగిలిన వరి చేను కూడా లీజుకు ఇచ్చేయాలా?

ఉండి దగ్గర రెండెకరాల వరి చేను, మూడు పక్కలా చెరువులు, ఐదేళ్ల లీజుకు అడుగుతున్నారు, ఇంట్లో రెండు గేదెలున్నాయి, ఏం చేయమంటారు అని అడిగారు. మాది ఆకివీడు వైపండి. 2014లో మాకూ ఇదే టెన్షన్. చివరికి ఇచ్చేశాం.

తూర్పు పక్క చేను చెరువయ్యాక మొదటి సార్వాలో (ఖరీఫ్ పంట) మాకేమీ తెలియలేదు. దాళ్వాలో (రబీ పంట) మాత్రం ఆ గట్టు వెంబడే వరి ఎదగలేదు, ఆకు కొసలు తెల్లబడి ఎండిపోయాయి. జింకు లోపం అనుకుని జింకు చల్లాం, నీళ్లు మార్చి పెట్టాం. కోతలయ్యాక చూస్తే ఆ మేరంతా తెల్లగా పేరుకుని ఉంది. నాన్నగారు వేలితో కాస్త తీసి నాలుక మీద వేసుకుని, ఏమీ అనకుండా ఇంటికి వచ్చేశారు. మట్టి పరీక్షలో ఈసీ, అంటే మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె, 5 దాటింది. వరికి 3 దాటితేనే దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. వనామి రొయ్యకు ఉప్పునీటి బోర్లు వేసి తోడతారు, ఆ ఊట గట్టు కింద నుంచి వస్తూనే ఉంటుంది. శీలావతి, బొచ్చె లాంటి చేపలు పెంచే చెరువైతే ఇంత ఉప్పు ఉండదు గానీ, కోతల నాటికి చేను ఆరక మిషన్ దిగబడుతుంది.

డబ్బు సంగతికొస్తే లీజుదే పైచేయి. వరికి కౌలుకిస్తే వచ్చేదాని కంటే రెండింతల పైనే ఇచ్చారు. మేం లెక్కేసుకోనిది గడ్డి. సార్వా గడ్డి మేటు వేసుకుంటే ఏడాదంతా సరిపోయేది. దాళ్వా వేయని ఏడు కోతకు ముందే చేలో పిల్లిపెసర, జనుము చల్లేవాళ్లం, పచ్చిమేతకు లోటుండేది కాదు. మిగతాది చేలగట్ల మీద, బోదెల పక్కన. చెరువు గట్టు మీదికి గేదెను రానివ్వరు, చుట్టూ వల కట్టేస్తారు. అమ్మ మొదటి ఏడు గడ్డి కొని మేపింది. రెండో ఏడు ఒక గేదెను, మూడో ఏడు మిగిలిన రెంటినీ అమ్మేసింది. ఇప్పుడు మా ఇంట్లో ప్యాకెట్ పాలు. మాకు పొలం ఉంది కాబట్టి లీజు డబ్బన్నా వచ్చింది. మా వీధిలో సెంటు భూమి లేకపోయినా, గట్ల మీద గడ్డి కోసుకొచ్చి గేదెను సాకినవాళ్లకు ఎవరూ రూపాయి ఇవ్వలేదు. ఊడ్పులకు పదిమంది వెళ్లిన చోట చెరువు కాపలాకి ఒక్కడు చాలు, కూలీ కూడా పోయింది. కోతలయ్యాక బాతుల మందలు తోలుకొచ్చేవాళ్లు కూడా మా వైపు రావడం మానేశారు.

పంట భూముల్ని, ఊరి ఉమ్మడి భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. 2020లో రాష్ట్రం తెచ్చిన ఆక్వా చట్టం ప్రకారం చెరువుకు లైసెన్సు ఉండాలి. ఇవి ఎంత అమలవుతున్నాయో మీ మూడు వైపులా చూస్తే తెలుస్తుంది. అయినా ఆ చెరువులకు అనుమతులున్నాయో లేదో మత్స్యశాఖ వాళ్లను రాతపూర్వకంగా అడగండి. మీ గట్టుకీ చెరువు గట్టుకీ మధ్య ఊటబోదె (ఊట నీటిని పట్టి బయటికి పంపే కాలువ) తవ్వించమని కూడా అర్జీలో రాయండి. ఊట మొత్తం ఆగదు, తగ్గుతుంది. నాలుగో పక్క చేనాయన వరే వేస్తానంటే ఇద్దరూ కలిసి వెళ్లండి, ఒక్కరు వెళ్తే రేపు రమ్మంటారు.

ఇవ్వక తప్పకపోతే, గడువయ్యాక గట్లు కొట్టి, చెరువు పూడ్చి, చేను చదును చేసి అప్పగించాలని కాగితంలో రాయించుకోండి. మేం రాయించుకోలేదు. చెరువు తవ్వినప్పుడు పై మట్టంతా గట్లలోకి వెళ్లిపోతుంది, అడుగున మిగిలేది నిస్సారమైన మన్ను. 2019లో లీజు అయ్యాక పూడ్చడానికి ప్రొక్లెయినర్ అతన్ని అడిగితే మూడేళ్ల లీజు డబ్బంత చెప్పాడు. మళ్లీ ఆ లీజుదారుకే ఇచ్చేశాం.

నన్నడిగితే ఈ సార్వాకి తొందరపడి సంతకం పెట్టకండి. చెరువు గట్ల పక్కన ఒక నమూనా, చేను మధ్యలో ఒకటి తీయించి, ఈసీ ఎంతొచ్చిందో చెప్పండి. మధ్యలో ఇంకా 2 లోపే ఉంటే వరి వేయొచ్చు.