ఆఠీను కోసం యాభై పిక్కలు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది రాయగడ. దీపావళికి బెంగళూరు నుంచి వచ్చిన మా బావ పోకర్ నేర్పాడు, చింతపిక్కలతో ఆడుకున్నాం. నా చేతిలో ఆఠీను ఆసు, ఆఠీను తొమ్మిది. కింద పరిచిన నాలుగు ముక్కల్లో రెండు ఆఠీన్లు. చివరి ముక్క కూడా ఆఠీను పడితే ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు ముక్కలు) నాదే. మధ్యలో వంద పిక్కలుంటే పెదనాన్న ఇంకో యాభై పెట్టారు. నేనూ యాభై పెట్టాను, పోయాయి. ఆ రాత్రి ఇలాగే మూడుసార్లు పోయాయి. "మూడుసార్లు పడలేదు, ఈసారి పడి తీరుతుంది" అంటాడు బావ. నిజమేనా? అసలు నేను పెట్టడం తప్పా?

జవాబు: మీ బావ మాట నిజం కాదు. పేక కలిపి పంచిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. నేను చూసినంతలో పేకాటలో ఇళ్లు గుల్లయ్యేది ఈ నమ్మకంతోనే, అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఇక మీ యాభై పిక్కలు. ఆఠీన్లు మొత్తం 13, నాలుగు మీకు కనిపిస్తున్నాయి, మిగిలినవి 9. మీరు చూడని ముక్కలు 46. పెదనాన్నగారి చేతిలోనే ఒకటి ఉండిపోయిందేమో అంటారా, ఉండొచ్చు, కానీ మీరు చూడనంతవరకు అదీ ఆ 46లోనే లెక్క. అంటే అవకాశం దాదాపు 19.6 శాతం.

ఇదే పరిస్థితి 46 సార్లు వచ్చిందనుకోండి. సగటున 9 సార్లు ఆఠీను పడుతుంది, పడినప్పుడల్లా 150 చొప్పున 1350 వస్తాయి, మిగతా 37 సార్లు యాభై చొప్పున 1850 పోతాయి. 500 పిక్కల నష్టం, దఫాకి దాదాపు 11. కాబట్టి తప్పే. మూడుసార్లూ ఆఠీను పడి మీరు గెలిచినా సరే, ఆ ధరకి అది నష్టపు బేరమే.

అదే ఆయన 25 మాత్రమే పెట్టి ఉంటే? 1125 వస్తాయి, 925 పోతాయి. ధైర్యంగా పెట్టండి. (కింద పరిచిన వాటిలో జత లేదనే అనుకుంటున్నాను, ఉంటే ఫుల్ హౌస్ భయం వేరే. అంటే ఒకే అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు, అది ఫ్లష్‌ని కొట్టేస్తుంది.)

ఆఠీను పడే అవకాశం 35 శాతం అని ఎవరైనా చెబితే నమ్మేయకండి, అది మూడు ముక్కలే పరిచి ఇంకా రెండు రావలసి ఉన్నప్పటి లెక్క.

ఇంకొకటి. ఆఠీను పడ్డాక చివరి పందెంలో పెదనాన్నగారి నుంచి సగటున ఇంకో 56 పిక్కలు రాబట్టగలిగితే మీ యాభై గిట్టుబాటవుతుంది. మూడో ఆఠీను కింద కనబడగానే ఆయన ముక్కలు పడేసే మనిషా, మీ చేయి చూడకుండా ఉండలేని మనిషా, అది మీకే తెలియాలి.