పాప రిపోర్టులో అన్నీ ‘ఆర్’లే.. ఇక మందులు పనిచేయవా?

ప్రశ్న: మాది తిరుపతి. పాపకు నాలుగేళ్లు. ఆరు నెలల్లో ఇది మూడోసారి: జ్వరం, మూత్రం పోసేటప్పుడు మంట. మొదటి రెండుసార్లు మెడికల్ షాపులో సెఫిక్సిమ్ సిరప్ తెచ్చి వేస్తే తగ్గింది. ఈసారి తగ్గలేదు. యూరిన్ కల్చర్‌లో (మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) ఈ.కోలి అనే బ్యాక్టీరియా, ఈఎస్‌బీఎల్ అని వచ్చింది. చాలా మందుల ఎదురుగా ‘ఆర్’ అని ఉంది. అడ్మిట్ చేసి ఇంజెక్షన్లు ఇవ్వాలంటున్నారు. పాప ఒంటికి ఇక ఏ మందూ పనిచేయదా? చాలా టెన్షన్‌గా ఉంది.

డాక్టర్ సలహా: అమ్మా, మందుకు లొంగనిది పాప ఒళ్లు కాదు, ఈసారి మూత్రంలో చేరిన బ్యాక్టీరియా. సెఫిక్సిమ్ లాంటి మందులను విరగ్గొట్టే ఎంజైమ్ దాని దగ్గర ఉంది. ఈఎస్‌బీఎల్ అంటే అదే. డోసు పెంచినా, వేరే కంపెనీ సిరప్ తెచ్చినా ఫలితం ఉండదు.

రిపోర్టులో ‘ఆర్’ అంటే ఆ మందుకు ఈ బ్యాక్టీరియా లొంగదని. ‘ఎస్’ అని ఉన్న వరుసలు చూడండి. అవి పనిచేసే మందులు. ఇలాంటి రిపోర్టుల్లో అమికాసిన్, మెరోపెనెమ్ ఎదురుగా ‘ఎస్’ తరచూ కనిపిస్తుంది. రెండూ ఇంజెక్షన్లే. అమికాసిన్ కిడ్నీల మీద, వినికిడి మీద ప్రభావం చూపవచ్చు కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసుకుంటూ ఇస్తారు. నైట్రోఫ్యురాంటోయిన్‌కు ‘ఎస్’ ఉంటే, నోటి మందు ఉండగా సూది ఎందుకని మీకు అనిపించవచ్చు. అది మూత్రంలో చేరుతుంది కానీ కిడ్నీలోకి సరిపడా వెళ్లదు. జ్వరంతో ఉన్న బిడ్డకు అది చాలదు. ఆలస్యమైతే కిడ్నీ మీద మచ్చ పడే ప్రమాదం ఉంది. దయచేసి ఈరోజే అడ్మిట్ చేయించండి.

షాపు సిరప్ గురించి మిమ్మల్ని తప్పుపట్టను. బిడ్డ ఏడుస్తుంటే ఎవరైనా పరుగెడతారు. కానీ వేసిన ప్రతిసారీ పేగుల్లో లొంగే బ్యాక్టీరియా చచ్చి, లొంగనిది మిగిలి పెరుగుతుంది. ఆ పేగుల నుంచే ఈ.కోలి మూత్రనాళంలోకి పాకేది. సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదని 2014 నుంచి నిబంధన ఉంది. మళ్లీ జ్వరం వస్తే మొదటి డోసుకు ముందే మూత్రం కల్చర్‌కు ఇవ్వండి. శుభ్రంగా కడిగి, మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టాలి. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోపు ఏ మందు మొదలుపెట్టాలో డాక్టరే చెబుతారు.

అసలు మూడుసార్లు ఎందుకొచ్చింది? పాపకు విరేచనం గట్టిగా అవుతోందా? స్కూల్లో బాత్రూమ్‌కు వెళ్లకుండా బిగబట్టుకుంటోందా? ఈ రెండూ పెద్ద కారణాలు, చాలామంది డాక్టరుకు చెప్పరు. కిడ్నీల అల్ట్రాసౌండ్ తప్పనిసరి. మూత్రం వెనక్కి ఎగదన్నుతోందేమోనన్న అనుమానం ఉంటే మరో పరీక్ష రాస్తారు. ఖర్చు భయం ఉంటే రుయా ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల విభాగానికి పాత చీటీలు, ఈ కల్చర్ రిపోర్టు తీసుకుని వెళ్లండి. పాప వాంతులు చేసుకుంటున్నా, మత్తుగా పడి ఉన్నా, మూత్రం తగ్గినా ఓపీ వేళ దాకా ఆగకండి. నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.