వసంతం చివర్లో తోటలో ముందుగా ఏ పని చేయాలి?

ముందు మల్చింగ్ చేయండి, అంటే మొక్కల చుట్టూ మట్టిని కప్పండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. ఎండలు ముదరకముందే ఎండుటాకులు గానీ గడ్డి గానీ 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పరిస్తే మట్టిలో తేమ నిలుస్తుంది, కలుపు కూడా బాగా తగ్గుతుంది, కాకపోతే కాండానికి ఆనించకండి, కుళ్లిపోతుంది. మట్టి పొడిగా ఉంటే నీళ్లు పెట్టాకే పరవండి.

ఇంట్లో పెంచిన నారుని ఒక్కసారిగా ఎండలో పెట్టేయొద్దు ప్లీజ్, పాపం లేత ఆకులు మాడిపోతాయి. వారం పది రోజులు కొంచెం కొంచెంగా బయట అలవాటు చేసి, అప్పుడు సాయంత్రం పూట నాటండి. తీగ టమాటాకి ఆకుకీ కాండానికీ మధ్య వచ్చే పక్క చిగుళ్లు గిల్లేయండి.

వసంతంలో పూసే పొదల్ని మాత్రం పూత అయిపోగానే కత్తిరించాలి, ఎందుకంటే చాలావాటికి వచ్చే ఏడాది మొగ్గలు ఈ వేసవిలో పెరిగే కొమ్మల మీదే కడతాయి, ఆలస్యం చేస్తే ఆ పూలన్నీ పోయినట్టే.