ఈ-డిస్కవరీ ఖర్చు: భద్రపరచడంలో పిసినారితనం వద్దు, చదివించడంలో లెక్క తప్పొద్దు

అమెరికా ఫెడరల్ కోర్టులో సరఫరా ఒప్పందం మీద దావా పడింది. ఎదుటి పక్షానికి ఇవ్వడానికి 15 మంది ఉద్యోగుల మెయిళ్లు, ఫైళ్లు తీయాలి, దీన్నే ఈ-డిస్కవరీ అంటారు. ఈ పని చేసిపెట్టే వెండర్ ఇచ్చిన కోట్ చూస్తే గుండె గుభేలుమంటోంది. నాలుగైదు మెయిల్‌బాక్సులు వదిలేస్తే ఖర్చు కలిసొస్తుందా? ఇదీ మీ ప్రశ్న.

వదిలేయకండి. అందరివీ భద్రపరచండి, కొందరివే సేకరించండి, అందులోనూ అవసరమైనవే చదివించండి. 2012లో అమెరికా పరిశోధన సంస్థ ర్యాండ్ పెద్ద కంపెనీల కేసుల మీద చేసిన అధ్యయనంలో మొత్తం ఖర్చులో సుమారు 73 శాతం సమీక్షకే (పత్రాలు చదివించడానికే) పోయింది, సేకరణకు అయింది 8 శాతం. మెయిల్‌బాక్సుకు హోల్డ్ (ఏదీ చెరిగిపోకుండా ఆపడం) పెట్టడం ఐటీ వాళ్లకు కాసేపటి పని. అక్కడ మిగిల్చేది చిల్లర, పోగొట్టుకునేది కేసు.

హోల్డ్ అంటే ఉద్యోగులకు మెయిల్ పంపి ఊరుకోవడం కాదు. ఆటో-డిలీట్ పాలసీలు అదే రోజు ఆపించాలి. టీమ్స్, స్లాక్ చాట్‌లకు పాలసీ విడిగా ఉంటుంది, మెయిల్‌ది ఆపితే అది ఆగదు. ఫోన్లు మరీ ముఖ్యం: ఐఫోన్‌లో మెసేజ్‌లు 30 రోజులకే పోయేలా సెట్టింగ్ ఉందేమో, వాట్సాప్‌లో డిసప్పియరింగ్ మెసేజ్‌లు ఆన్ చేసి ఉన్నాయేమో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చూడండి. ఉద్యోగం మానేసినవాళ్ల సంగతి ఇంకా తొందరది. మైక్రోసాఫ్ట్ 365లో హోల్డ్ లేని ఖాతాను తీసేస్తే మెయిల్‌బాక్సు 30 రోజులే తిరిగి దొరుకుతుంది, గూగుల్ వర్క్‌స్పేస్‌లో 20 రోజులే. వాళ్ల ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసి కొత్తవాళ్లకు ఇచ్చేయొద్దని ఐటీకి రాతపూర్వకంగా చెప్పండి.

పోతే ఏమవుతుందంటే, ఫెడరల్ కోర్టుల సివిల్ నియమాల్లో 2015లో సవరించిన 37(ఇ) రూల్ చూడాలి. సహేతుకమైన జాగ్రత్త తీసుకోక డేటా పోయి, మరో చోట కూడా దొరక్కపోతే, ఎదుటి పక్షానికి జరిగిన నష్టం మేరకు కోర్టు చర్య తీసుకోవచ్చు. దావా కొట్టేయడం, పోయినదంతా మీకు వ్యతిరేకమేనని జ్యూరీకి చెప్పడం లాంటి పెద్ద శిక్షలకు మాత్రం కావాలనే పోగొట్టారని తేలాలి. అందుకే ఏ రోజు ఏది ఆపారో తేదీలతో రాసిపెట్టుకోండి. మీరు జాగ్రత్తపడ్డారని చెప్పే సాక్ష్యం ఆ కాగితమే.

సేకరణ ఉద్యోగుల చేతికి ఇవ్వకండి. "సంబంధించినవి నాకు ఫార్వర్డ్ చేయండి" అంటే, ఆ మెయిల్‌కు పంపిన తేదీ ఈ రోజుది పడుతుంది, అసలు హెడర్ పోతుంది, బీసీసీలో ఎవరున్నారో తెలియదు. అడ్మిన్ కన్సోల్ నుంచే ఎగుమతి చేయించండి. మెయిల్‌లో జోడింపు బదులు వన్‌డ్రైవ్ లింకు ఉంటే ఆ ఫైలు దానంతటది రాదు, విడిగా అడగాలి. ఇది మర్చిపోయి రెండోసారి సేకరించాల్సి రావడం చాలా మామూలు.

ఇక తగ్గించడం. ముందు తేదీల హద్దు, తర్వాత సిస్టమ్ ఫైళ్ల ఏరివేత, ఆ తర్వాత హ్యాష్ విలువలతో (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) 15 మందికీ కలిపి డూప్లికేట్లు తీయడం. ఆ పత్రం ఎవరెవరి దగ్గర ఉండేదో చూపే ఫీల్డ్ మాత్రం ఉంచమనండి. మెయిల్ గొలుసుల్లో చివరిది ఒక్కటే చదివేలా థ్రెడింగ్ పెట్టించండి, మధ్యలో జోడింపు ఉన్న మెయిల్ విడిగా నిలవాలి. ఆ తర్వాతే కీవర్డ్‌లు. ప్రతి పదానికి ఎన్ని పత్రాలు తగిలాయో నివేదిక తీసుకోండి. ఉదాహరణకు "కాన్ఫిడెన్షియల్" అనే పదం పెట్టారనుకోండి, మెయిళ్ల అడుగున ఉండే డిస్‌క్లెయిమర్‌లో అదే పదం ఉంటుంది కాబట్టి కంపెనీ మెయిళ్లన్నీ తగులుతాయి. భోజనానికి వెళ్దామా అన్న మెయిల్‌తో సహా. ఒకరు గంటకు 50 పత్రాలు చదువుతారనుకుంటే లక్ష పత్రాలకు 2,000 గంటలు. అలాంటి ఒక్క పదం తీసేస్తే ఎన్ని గంటలు మిగులుతాయో మీరే చూడండి.

పత్రాలు పదివేలల్లో ఉంటే మెషీన్ సాయంతో సమీక్ష (లాయర్లు కొన్ని చదివి గుర్తు పెడితే మిగతావి సాఫ్ట్‌వేర్ వర్గీకరించడం) అడగండి. 2012లో న్యూయార్క్‌లో ద సిల్వా మూర్ కేసులో మేజిస్ట్రేట్ జడ్జి ఆండ్రూ పెక్ దానికి ఆమోదం తెలిపారు, ఇప్పుడది కోర్టులకు కొత్త కాదు. కానీ సంబంధం లేదని మెషీన్ పక్కన పడేసిన కుప్పను పరీక్షించకుండా ఆపొద్దు. 60,000 పత్రాలు పక్కన పెడితే అందులోంచి యాదృచ్ఛికంగా 1,500 తీసి లాయరుతో చదివించండి. 15 సంబంధించినవి దొరికితే ఒక శాతం, అంటే కుప్పలో ఇంకా సుమారు 600 ఉన్నట్టు. ఆ 15 ఎలాంటివో కూడా చూడండి: అన్నీ నకళ్లలాంటివైతే ఆగొచ్చు, ఒక్కటి కీలకమైనదైనా ఆగకూడదు.

ఎదుటి పక్షంతో 26(ఎఫ్) రూల్ ప్రకారం జరిగే తొలి సమావేశంలోనే కస్టోడియన్లు (ఎవరి డేటా తీయాలో ఆ ఉద్యోగులు), తేదీలు, ఫైళ్లు ఇచ్చే ఫార్మాట్ తేల్చుకోండి. ఎక్సెల్ షీట్లు నేటివ్‌గానే (అసలు ఫైలు రూపంలోనే) ఇస్తామని రాయించుకోండి. బొమ్మలుగా మారిస్తే ఫార్ములాలు పోతాయి, పేజీలు కుప్పలవుతాయి. పాత బ్యాకప్ టేపుల మీద అభ్యంతరం ఉంటే ఎన్ని టేపులు, తెరవడానికి ఎంత అవుతుందో అంకెలతో చెప్పాలి. "భారం" అన్న మాట ఒక్కటే నిలబడదు. 502(డి) ఆర్డర్ తప్పకుండా అడగండి. పొరపాటున లాయరుతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరం బయటికి వెళ్లినా ప్రివిలేజ్ (దాన్ని గోప్యంగా ఉంచుకునే హక్కు) పోదని ముందే కోర్టు చేత అనిపించుకోవడం అది. అయినా ఎదుటివాళ్లు చదివింది మరిచిపోరు కాబట్టి లాయర్ల పేర్లు, డొమైన్‌లతో వడపోత మానకండి.

కోట్‌లో గిగాకు (గిగాబైట్‌కు) ధర చూసి ఆగొద్దు. ప్రాసెసింగ్ ధర వడపోతకు ముందు సైజు మీదా, తర్వాత సైజు మీదా? జిప్ ఫైళ్లు విప్పితే సైజు బాగా పెరుగుతుంది, బిల్లు దేని మీద? నెలనెలా హోస్టింగే (డేటాను వెండర్ సర్వర్‌లో ఉంచినందుకు అద్దె) అసలు దెబ్బ: గిగాకు నెలకు 10 డాలర్లు అనుకుంటే 200 గిగాలకు 18 నెలల్లో 36,000 డాలర్లు. సమీక్ష అయ్యాక డేటాను చౌక నిల్వకు మార్చడానికి, కేసు ముగిశాక తిరిగి ఇచ్చి చెరిపేయడానికి ఎంతో ఇప్పుడే రాయించండి, సంతకం అయ్యాక అడిగితే బేరం ఉండదు.