ల్యాప్‌టాప్ సంగతి చివర రాశాను

చిరంజీవి చిన్నాకి,

అత్త ఆశీస్సులు. ఉద్యోగంలో చేరేలోపు ఏ ల్యాప్‌టాప్ కొనుక్కోవాలని అడిగావు. చెప్తాను గానీ, ఉత్తరం చివర్లో చెప్తాను. ఇరవై ఆరేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మెషీన్ చాల్లేదని బాధపడ్డ రోజు ఒక్కటీ గుర్తు లేదు. నా దగ్గర ఉండకూడనిది ఉంచుకుని నిద్రపోలేని రాత్రులు మాత్రం బాగా గుర్తున్నాయి. ముందు అవి విను.

ఉద్యోగంలో నాకది నాలుగో ఏడు. లాగిన్ పేజీలో ఒక బగ్ ఎంతకీ చిక్కక, సర్వర్‌కి వచ్చే ప్రతి రిక్వెస్టునూ పూర్తిగా లాగ్ ఫైల్లో, అంటే సర్వర్ రాసుకునే డైరీ లాంటి ఫైల్లో, రాయించాను. రెండు గంటల్లో బగ్ దొరికింది, సరిచేసి ఇంటికెళ్లిపోయాను. లాగ్ రాయించే ఆ ఒక్క లైను తీసెయ్యడం మర్చిపోయాను. ఏడు నెలల తర్వాత వేరే పని మీద ఆ ఫైలు తెరిస్తే, యూజర్ల పాస్‌వర్డులు పొల్లుపోకుండా వరసగా కనిపించాయి. డేటాబేసులో వాటిని హ్యాష్ చేసి, అంటే తిరిగి చదవలేని అక్షరాలుగా మార్చి, ఎంతో జాగ్రత్తగా దాచాం. ఆ పక్కనే, ఆఫీసులో ఎవరైనా చదవగలిగేలా, నా లాగ్‌లో పడి ఉన్నాయి. ఆ ఫైలు రోజూ బ్యాకప్‌లోకి కూడా పోతోంది. చేతులు చల్లబడిపోయాయి. అరగంటలో మా మేనేజరు దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. యూజర్లందరికీ రాసి పాస్‌వర్డులు మార్పించాం. ఆ ఫైలు ఎవరైనా చూశారనడానికి ఆధారం దొరకలేదు. చూడలేదనడానికీ దొరకలేదు. ఆ రెండో మాటే ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఇది కొత్తగా చేరినవాళ్లు మాత్రమే చేసే తప్పు అనుకోకు. 2018 మేలో ట్విట్టర్ తన 33 కోట్ల మంది యూజర్లనూ పాస్‌వర్డు మార్చుకోమని కోరింది. కారణం ఇదే: హ్యాష్ అయ్యే లోపే పాస్‌వర్డులు లోపలి లాగ్‌లోకి వెళ్లిపోతున్నాయి.

అందుకే, నువ్వు డేటాబేసు టేబుల్‌లో ఒక కొత్త కాలమ్ పెట్టే ముందు, లాగ్‌లో ఒక కొత్త లైను రాసే ముందు, ఇది మనకెందుకని అడుగు. గట్టిగానే అడుగు. పద్దెనిమిదేళ్లు నిండాయో లేదో తెలిస్తే చాలు అన్నచోట పుట్టినరోజు మొత్తం ఎందుకు? నిండాయా లేదా అన్న ఒక్క జవాబు దాచుకుంటే సరిపోతుంది. ‘ఎప్పటికైనా పనికొస్తుంది, ఉంచండి’ అని మీటింగులో ఎవరో ఒకరు అంటారు. ఎప్పుడు, దేనికి అని అడిగి చూడు, చాలాసార్లు జవాబు ఉండదు. పేర్లు తీసేశాం కదా, ఇక భయమేముంది అని కూడా అంటారు. 2006 ఆగస్టులో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ దాదాపు 6.5 లక్షల మంది మూడు నెలల పాటు వెతికిన మాటల్ని పేర్ల బదులు నంబర్లు పెట్టి బయటికి విడుదల చేసింది. కొద్ది రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక నంబరు వెనకున్న పెద్దావిణ్ణి కనిపెట్టి, ఆమెతో మాట్లాడారు. మనం వెతికే మాటల్లోనే మన ఊరూ, ఇంటిపేరూ, ఒంట్లో ఉన్న జబ్బూ అన్నీ బయటపడతాయి.

లైబ్రరీల విషయంలో, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ తెచ్చి వాడుకోవడంలో, నీకూ నాకూ పడదని తెలుసు. అన్నీ మనమే రాసుకోవాలని నేననను. సమాచారాన్ని రహస్యంగా మార్చే క్రిప్టోగ్రఫీ కోడ్ అస్సలు సొంతంగా రాయకు, తేదీలూ టైమ్‌జోన్ల లెక్కలూ అంతే. కానీ పది లైన్ల పనికి ఒక ప్యాకేజీ తెచ్చుకుంటే, దాన్ని రాసిన మనిషినీ నీ ప్రాజెక్టులోకి తెచ్చుకున్నట్టే. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినాయన ఎన్‌పీఎమ్ అనే ప్యాకేజీల గోదాము నుంచి తీసేసుకుంటే, దాని పేరు కూడా వినని వేల ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. 2024లో బయటపడ్డ, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్రాజెక్టు వ్యవహారం ఇంకా భయం పుట్టించింది. ఒక్కడే తీరిక వేళల్లో మోసుకొస్తున్న ప్రాజెక్టులోకి ఒక వ్యక్తి సాయం చేస్తానని వచ్చాడు. రెండేళ్లకు పైగా ఓపిగ్గా నమ్మకం సంపాదించి, ఆఖరికి దొంగదారి పెట్టాడు. దూరంగా ఉన్న సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి, అది ఎక్కువ సర్వర్లకు చేరకముందే దొరికిపోయింది. ఆ అర సెకను నేనైతే పట్టించుకునేదాన్నా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. నీ ప్రోగ్రాం ఎందుకో నెమ్మదించిందనిపిస్తే, ఎందుకో తేలేదాకా వదలకు.

కోడ్‌లో చేసే ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్ గురించి ఒక్క ముక్క. సర్వర్‌లోకి పోనిచ్చే రహస్య కీ పొరపాటున కమిట్ అయిపోతే, అంటే అలా దాచిన మార్పులో చేరిపోతే, తర్వాతి కమిట్‌లో చెరిపేసినంత మాత్రాన పోదు, హిస్టరీలో అలాగే ఉంటుంది. ముందు ఆ కీని రద్దు చెయ్యి, శుభ్రం చేసుకోవడం తర్వాత. ఆలోచిస్తూ కూర్చోవద్దు, అదే నిమిషంలో చెయ్యి.

ఇక నీ సొంత సంగతి. ‘నా దగ్గర దాచుకోవాల్సిందేం ఉందత్తా’ అన్నావు పోయినసారి. నీ ఫోన్‌లో ఉన్న నంబర్లు నీవి కావు నాన్నా. మీ అమ్మవి, నావి, నీ స్నేహితులవి. ఏదో యాప్ అడిగిందని కాంటాక్టులన్నీ ఇచ్చేస్తే మమ్మల్నందర్నీ అడక్కుండా ఇచ్చేసినట్టే కదా. టార్చి యాప్‌కి కాంటాక్టులతో ఏం పని? వద్దను. ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిస్తే నువ్వెవరికీ కనపడవనుకోకు, అది నీ బ్రౌజరులో హిస్టరీ మిగలనివ్వదు, అంతే. నెట్ ఇచ్చే కంపెనీకీ, నువ్వు వెళ్లిన సైటుకీ కనపడుతూనే ఉంటావు. పాస్‌వర్డులన్నీ దాచిపెట్టే పాస్‌వర్డు మేనేజరు యాప్ పెట్టుకుని, సైటుకొక పాస్‌వర్డు వాడు. ఆ మేనేజరును తెరిచే అసలు పాస్‌వర్డు మాత్రం నాలుగైదు మాటలు కలిపి పొడుగ్గా పెట్టుకో. మూడు నెలలకోసారి మార్చాలన్న పాత నియమాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లోనే వద్దంది. అలా మార్పిస్తే జనం పాతదాని చివర ఒక అంకె పెంచి ఊరుకుంటారు, ఆఫీసుల్లో ఎన్నిసార్లు చూశానో. ఓటీపీ ఎస్ఎమ్ఎస్‌లో కాకుండా అథెంటికేటర్ యాప్‌లో వచ్చేలా పెట్టుకో, ఎందుకంటే నీ సిమ్‌ని ఇంకొకడు తన పేరిట తీసుకుంటే నీ ఎస్ఎమ్ఎస్‌లన్నీ వాడికే పోతాయి.

ల్యాప్‌టాప్ అడిగావు కదా. 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, గంటల తరబడి టైప్ చేసినా వేళ్లు నొప్పెట్టని కీబోర్డు. ఇవి ఉంటే ఏ కంపెనీదైనా నాకు ఒకటే. కొనే ముందు కీబోర్డు మీద ఒక పేజీ టైప్ చేసి చూడు. బ్యాటరీ మార్చుకునే వీలుంటే ఇంకా మంచిది, అందరికంటే ముందు అలిసిపోయేది అదే. ఫోన్ కొనేటప్పుడు కెమెరా కంటే ముందు సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో చూడు. ఆఫీసు మెషీన్‌లో నీ సొంత ఫొటోలు, ఉత్తరాలు పెట్టకు.

కొనే డబ్బులో కొంత మిగిల్చి బయటి డిస్కు ఒకటి కూడా తెచ్చుకో. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటికి దూరంగా. కాపీ తీయడంతో పని అయిపోలేదు, ఆరు నెలలకోసారి ఏదో ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరిచి చూడు. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే కోడ్ దాచుకునే సైటులో ఒక ఇంజనీరు పొరపాటున వేరే సర్వర్లో దాదాపు 300 జీబీ డేటా చెరిపేశాడు. బ్యాకప్ కోసం ఐదు పద్ధతులు పెట్టుకున్నా, అవసరం వచ్చినప్పుడు ఏదీ సరిగ్గా పనిచెయ్యలేదు. ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసిన కాపీ వాళ్లను ఆదుకుంది. బ్యాకప్ ఆగిపోయిందని చెప్పాల్సిన ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరట్లేదట.

ల్యాప్‌టాప్ ఇంటికి రాగానే ఏదీ ఇన్‌స్టాల్ చేయకముందే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చెయ్యి, అప్పుడు కీ లేకుండా డిస్కులోది ఎవరూ చదవలేరు. విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్, లినక్స్‌లో లక్స్. అప్పుడొచ్చే రికవరీ కీని రెండు కాగితాల మీద రాసుకో. ఫొటో తీసి నాకు పంపకు. ఈసారి వచ్చినప్పుడు ఒక కాగితం నా చేతికియ్యి, నా పత్రాలతో పాటు బీరువాలో పెడతాను.

ప్రేమతో,
అత్త