చర్మం కింద ముక్క: మానుతోందా, బయటికొస్తోందా?

ప్రశ్న: నాకు 24 ఏళ్ళు. ఋషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండు నెలల కిందట కాలర్ బోన్ కింద మైక్రోడెర్మల్ పెట్టించుకున్నాను. పైకి చిన్న రాయి కనిపిస్తుంది, దాని అడుగు రేకు చర్మం లోపల ఉంటుంది. మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడు చుట్టూ ఎర్రబడి, రాయి ఒక పక్కకి వాలింది. అమ్మ పసుపు, కొబ్బరినూనె కలిపి రాస్తోంది. పెట్టినతను సముద్రస్నానం చేస్తే ఉప్పునీటికి మానిపోతుందన్నాడు. నీ బాడీ రిజెక్ట్ చేసింది అంటోంది ఫ్రెండు. తీయించడానికి మనసొప్పడం లేదు. ఏం చేయాలి?
– పేరు వద్దు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ పసుపు, నూనె ఆపించండి తల్లీ. అమ్మగారిని నొప్పించకుండానే చెప్పండి. వంటింటి డబ్బాలోని పసుపులో క్రిములు ఉండవనేం లేదు. పైగా మీది పైపైన గీరుకున్న గాయం కాదు, రాయి పక్కనుంచి లోపలికి సన్నటి దారి ఉన్న గాయం. పసుపూ నూనే కలిసి ఆ సందులో ముద్దకట్టి కూర్చుంటాయి.

సముద్రస్నానం సలహా ఇచ్చినాయనకి దూరం నుంచే ఓ నమస్కారం. గాయాలు కడిగే సెలైన్‌లో ఉప్పు 0.9 శాతం. సముద్రపు నీళ్ళలో సుమారు 3.5 శాతం. ఉప్పు సంగతి అలా ఉంచినా, వెచ్చటి సముద్రాల్లో విబ్రియో జాతి బాక్టీరియా మామూలుగానే ఉంటుంది. అరుదుగానే అయినా, పచ్చిగాయంలోకి పోతే కండ కుళ్ళిపోయేంత ఇన్ఫెక్షన్ తెస్తుంది. ఇక మన ఊరి మురుగు గెడ్డలన్నీ చివరికి ఎక్కడ కలుస్తాయో మీకు తెలియంది కాదు. గాయం మానేదాకా బీచి ఒడ్డున కూర్చుని చూడండి, చాలు.

ఇక మీ ఫ్రెండు మాట. మార్చిన కిడ్నీని ఒంట్లోని రక్షణ కణాలు పరాయిదని గుర్తుపట్టి దాడి చేస్తాయి. టైటానియం ముక్కకి జరిగేది అది కాదు. అలా గుర్తుపట్టడానికి దానిలో పరాయి కణాలే లేవు. లోతుగా, కదలకుండా ఉన్న వస్తువు చుట్టూ శరీరం గట్టి పొర అల్లి దాన్ని అక్కడే ఉంచేస్తుంది. పైపైన ఉండి రోజూ కదిలేదాన్ని మాత్రం, అరికాల్లో విరిగిన ముల్లులాగా, మెల్లగా పైకి తోసేస్తుంది. మైక్రోడెర్మల్ రేకుకి చిల్లులుండేది అందుకే. వాటిలోంచి కొత్త కణజాలం పెరిగి దాన్ని పట్టుకోవాలి. అందుకు ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. ఆలోపు రేకు కదులుతూ ఉంటే పట్టు దొరకదు. పైచర్మం అంచులు దాని పక్కలనుంచి కిందికి దిగి, రేకుని వెలివేస్తాయి.

ఏం కదిలిస్తుందంటారా? మొన్న ఒకమ్మాయికి తీసి ట్రేలో వేసి చూశాను. రాయి కింది కాడకి గులాబీరంగు చున్నీ దారం చుట్లు చుట్లుగా చుట్టుకుని, పక్కుతో కలిసి గట్టిపడిపోయింది. స్కూటీ మీద గాలికి చున్నీ లాగిన ప్రతిసారీ లోపల రేకు కదిలిందన్నమాట. లాప్‌టాప్ బ్యాగు పట్టీ కూడా ఇదే పని చేస్తుంది. మన ఉక్కపోత, చెమట వీటికి తోడు.

అద్దం ముందు నిలబడి చూసుకోండి. పలచటి పసుపు నీరు కారి పక్కు కట్టడం మామూలే. నొప్పి, వేడి, చిక్కటి చీము, జ్వరం ఉంటే ఇన్ఫెక్షన్. ఆరోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మీరే పీకేయకండి, పైన మూసుకుపోయి చీము లోపలే ఉండిపోవచ్చు. నొప్పి కన్నా దురద ఎక్కువగా ఉండి, రోల్డ్‌గోల్డ్ దుద్దులకి కూడా మీ చెవి పుండవుతుంటే నికెల్ ఎలర్జీని అనుమానించాలి. టైటానియం అని చెప్పి స్టీలు పెట్టేవాళ్ళున్నారు, సర్జికల్ స్టీలులో నికెల్ ఉంటుంది. ఇవేవీ లేకుండా చర్మం పలుచబడి, నిగనిగలాడుతూ, రేకు అంచు కనబడుతుంటే అది బయటికొస్తున్నట్టే. రాయి వాలిందన్నారు కాబట్టి నా అనుమానం దీనిమీదే.

అలాగైతే, మనసొప్పకపోయినా తీయించేయండి. ఆ చోట మత్తిచ్చి తీస్తే చిన్న గాటుతో పోతుంది. అదే చీల్చుకుని వచ్చేదాకా ఆగితే మచ్చ పెద్దదవుతుంది. ఛాతీ పైభాగం, భుజాలు కీలాయిడ్ గడ్డలు, అంటే మచ్చే ఉబ్బి పెరిగే గడ్డలు, లేచే చోట్లు. మనలాంటి చామనఛాయ, నల్లటి చర్మాలకి ఆ బెడద ఇంకా ఎక్కువ. మీ ఇంట్లో ఎవరికైనా చెవి కుట్టిన చోట గడ్డలా పెరిగి ఉంటే మళ్ళీ ఈ సరదా జోలికి పోవద్దు. తీయించేదాకా మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్‌తో రోజుకి రెండుసార్లు తుడవండి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు, అవి కొత్తగా పుట్టే కణాల్ని కూడా చంపుతాయి. పరికరాలు ఆటోక్లేవ్ చేశారో (ఒత్తిడి ఆవిరితో క్రిముల్ని చంపారో) లేదో తెలియకపోతే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ పరీక్షలు చేయించుకోవడం మంచిది. టెన్షన్ పడమని కాదు, ఓ పని అయిపోతుందని.

ప్రశ్న: మా నాన్నగారికి 68. స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యారు, షుగరుంది. మూడు వారాల కిందట పేస్‌మేకర్ పెట్టారు. పెట్టిన చోట ఉబ్బింది. సూదితో నీరు లాగేస్తానంటున్నాడు మా వీధి ఆర్‌ఎంపీ. ఆయన ఒంటికి ఆ లోహం పడలేదేమో అంటున్నారు బంధువులు.
– గాజువాక పాఠకుడు

జవాబు: సూది పెట్టనివ్వకండి బాబూ. ఈ జవాబులో మిగతాది మరిచిపోయినా ఇది మాత్రం గుర్తుంచుకోండి. తొలి వారాల్లో ఉబ్బితే చాలాసార్లు అది లోపల చేరిన రక్తమే, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళలో. చాలామందిలో అది దానంతటదే ఇంకిపోతుంది. సూది గుచ్చితే బయటి క్రిములకి మనమే దారి వేసినట్టు. పేస్‌మేకర్ డబ్బా నుంచి గుండెకి వెళ్ళే వైరు తెగే ప్రమాదం కూడా ఉంది.

లోహం పడకపోవడం చాలా అరుదు. స్వీడన్‌లో 1958లో ప్రపంచంలోనే మొదటిసారి ఒంట్లో పేస్‌మేకర్ పెట్టించుకున్న ఆర్నే లార్సన్‌కి జీవితకాలంలో 26 మార్చారు. ఆయన 86 ఏళ్ళు బతికి 2001లో పోయారు. భయమల్లా ఇన్ఫెక్షన్‌తోనే, షుగరు అదుపులో లేకపోతే అది ఇంకా పెరుగుతుంది. ఎరుపెక్కినా, చెమ్మ కారినా, చర్మం డబ్బాకి అతుక్కుపోయి పలుచబడినా, పైన ఏమీ లేకుండా ఊరికే జ్వరం వస్తున్నా, పెట్టిన డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళండి. ఉబ్బు ఉంది కాబట్టి ఈ వారమే ఒకసారి చూపించండి. నిజంగా ఇన్ఫెక్షనే అయితే మాత్రలతో సరిపెట్టరు, క్రిములు లోహం మీద మందు ఎక్కని పొర కడతాయి. డబ్బా, వైర్లు అన్నీ తీసేసి, రక్తంలో క్రిములు లేవని తేలాక వేరే చోట కొత్తది పెడతారు. వైర్లు పాతబడేకొద్దీ రక్తనాళాలకి అతుక్కుపోయి తీయడం కష్టమవుతుంది. నాన్చవద్దనేది అందుకే.

ఆ పక్క చెయ్యి భుజం కంటే పైకెత్తకూడదని చెప్పే ఉంటారు. అలాగని చేతిని కట్టిపడేసినట్టు ఉంచితే భుజం బిగుసుకుపోతుంది. ఈసారి సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్తానని పట్టుబడితే, 32 కిలోమీటర్లు నడవొచ్చో లేదో గుండె డాక్టరుని అడగండి. సంచి మాత్రం ఆ భుజానికి తగిలించవద్దు.

ప్రశ్న: మోచేతి పైన గర్భనిరోధక కడ్డీ వేయించుకున్నాను. నెలరోజులుగా వేలికి తగలడం లేదు. కరిగిపోయిందా?
– భీమిలి గృహిణి

జవాబు: అది కరిగేది కాదమ్మా. నాలుగు సెంటీమీటర్ల మెత్తటి ప్లాస్టిక్ కడ్డీ, మూడేళ్ళు పనిచేస్తుంది. వేలికి తగలాలి. తగలడం లేదంటే లోతుకి దిగి ఉండొచ్చు, జరిగి ఉండొచ్చు. వేసిన చోటికే వెళ్ళి ఎక్స్‌రేగానీ అల్ట్రాసౌండ్‌గానీ తీయించి చూపించండి. ఎక్కడుందో తేలేదాకా కండోమ్ వాడండి.