తొడ మీద చెయ్యి ఆనించి నడిచే పోలియో నడకకు ఓపెన్‌సిమ్ లెక్క నమ్మొచ్చా?

మీరు అడిగింది ఇదీ: చిన్నప్పుడు పోలియో వచ్చి, తొడ మీద చెయ్యి ఆనించి నడిచే వ్యక్తి నడక డేటా తీసుకుని, కదలికల నుంచి కండరాల బలాలు లెక్కగట్టే ఓపెన్‌సిమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేశారు. ఆయన క్వాడ్రిసెప్స్ (మోకాలిని చాచే తొడ ముందు కండరం) దాదాపు పనిచెయ్యదు. అయినా కీళ్ల భారాన్ని కండరాలకు పంచే స్టాటిక్ ఆప్టిమైజేషన్ అనే లెక్కలో అదే కండరం గట్టిగా లాగుతున్నట్టు వస్తోంది. రెసిడ్యువల్స్ (కొలిచిన బలాలకూ కదలికకూ పొంతన కుదరక మిగిలే తేడాలు) మాత్రం చక్కగా, చిన్నగా ఉన్నాయి. తప్పెక్కడ?

ఆ చేతి దగ్గర. నేనూ రెండు నెలలు ఇక్కడే ఇరుక్కుపోయాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మా ల్యాబ్‌కి వచ్చిన పెద్దాయన టైలరు. ఆయన ప్యాంటు కుడి తొడ మీద, మోకాలికి జానెడు పైన, అరచెయ్యంత మేర రంగు వెలిసిపోయి ఉంది. చూశాను గానీ పట్టించుకోలేదు. షార్ట్స్ వేయించి మార్కర్లు (కెమెరాలు కదలికను పట్టుకోవడానికి పెట్టే చిన్న గుర్తులు) అంటిస్తే ఆయన అరచెయ్యి సరిగ్గా తొడ మార్కర్ల మీదే పడుతోంది. అవి ఊడిపోతాయని, చెయ్యి తీసి నడవమన్నాను. రెండో అడుగుకే మోకాలు మడతపడింది. పక్కనున్న ఫిజియో పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. "చెయ్యి తీస్తే కూలబడిపోతాను బాబూ, యాభై ఏళ్లుగా ఇదే నా కాలు" అన్నారాయన అరచెయ్యి చూపిస్తూ. అలా అడిగినందుకు నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మార్కర్లు తొడ బయటివైపుకి జరిపి మళ్లీ రికార్డు చేశాం. చెయ్యి ఎంత బలంగా నొక్కుతోందో మాత్రం కొలవలేదు. అసలు తప్పు అదే.

ఓపెన్‌సిమ్‌లోని గైట్2392 అనే శరీర మోడల్లో 23 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (విడివిడిగా కదలగల తీరులు), 92 కండర పాయలు ఉంటాయి. చేతులు విడిగా ఉండవు, వాటి బరువు మొండెంలోనే కలిసిపోయి ఉంటుంది. ఏ కీలుకి ఎంత టార్క్ (తిప్పే బలం) కావాలో ఇన్వర్స్ డైనమిక్స్ అనే లెక్క చెబుతుంది. దాన్ని కండరాలకు పంచడానికి లెక్కలేనన్ని దారులున్నాయి. యాక్టివేషన్ల (ఒక్కో కండరం ఎంత మేర పనిచేస్తోందో చెప్పే అంకెల) వర్గాల మొత్తం ఏ పంపకంలో అతి తక్కువో దాన్ని స్టాటిక్ ఆప్టిమైజేషన్ ఎంచుకుంటుంది.

నేను మొదట మోకాలి టార్క్‌నే అనుమానించాను. కానీ ఫోర్స్ ప్లేట్ (పాదం కింద బలాన్ని కొలిచే పలక) నుంచి పైకి లెక్క కట్టుకుంటూ వస్తే మోకాలి దాకా చేతి ఊసే రాదు, ఎందుకంటే చెయ్యి ఆనేది మోకాలికి పైన. పైగా ఆయన నడుము వంచి, నేల నుంచి వచ్చే బలం మోకాలికి కాస్త ముందుగా పోయేలా చూసుకుంటారు. కాబట్టి అక్కడ కావలసిన టార్క్ చిన్నదే. తేడా వచ్చేది తుంటి దగ్గర. ముందుకి వంగిన మొండేన్ని నిజానికి ఆ చెయ్యి కూడా మోస్తోంది. ఆ సంగతి మోడల్‌కి తెలియదు కాబట్టి భారమంతా తుంటిని చాచే కండరాల మీద వేస్తుంది. అందులో కొంత తొడ వెనక ఉండే హ్యామ్‌స్ట్రింగ్స్‌కి పోతుంది. అవి తుంటినీ మోకాలినీ రెంటినీ దాటే కండరాలు, తుంటిని చాస్తూనే మోకాలిని మడుస్తాయి. ఆ మడతను ఆపడానికి లెక్క వెళ్లి క్వాడ్రిసెప్స్‌ని లేపుతుంది.

మరి రెసిడ్యువల్స్ ఎందుకు పట్టుకోలేదు? చెయ్యి తొడను ఎంత నెడితే తొడ చేతిని అంతే వెనక్కి నెడుతుంది. శరీరం మొత్తం మీద కూడితే సున్నా. రెసిడ్యువల్స్ చూసేది ఆ మొత్తాన్నే. కాబట్టి అవి బాగున్నాయని ధైర్యపడకండి.

మేం తర్వాత ఏం చేశామంటే, రెండు పలచటి చెక్కముక్కల మధ్య చిన్న లోడ్ సెల్ (బలాన్ని కొలిచే పరికరం) పెట్టి ఆయన అరచేతికి కట్టాం. బలం ఏ దిశలో ఉందో తెలియడానికి చెక్క మీద మూడు మార్కర్లు పెట్టాం. ఆ బలాన్ని తొడ ఎముక మీద ఒకసారి, అంతే బలాన్ని ఎదురు దిశలో మొండెం మీద ఒకసారి ఇచ్చాం. రెండోది మరిచిపోతే మాత్రం రెసిడ్యువల్స్ నిజంగానే పాడవుతాయి. రెండూ ఇచ్చాక తుంటి టార్క్ తగ్గింది, హ్యామ్‌స్ట్రింగ్స్ నెమ్మదించాయి, క్వాడ్రిసెప్స్ సద్దుమణిగింది. కండరాల విద్యుత్ సంకేతాలను కొలిచే ఈఎంజీలోనూ ఆ కండరం దాదాపు నిశ్శబ్దంగానే ఉంది.

చాలామంది దీనికి క్వాడ్రిసెప్స్ గరిష్ఠ బలాన్ని సున్నా చేసేసి ఊరుకుంటారు. అది చెయ్యాల్సిందే, కానీ అదొక్కటే చాలదు. అప్పుడు లెక్క హ్యామ్‌స్ట్రింగ్స్‌ని వదిలేసి అదే అబద్ధపు భారాన్ని పిరుదు కండరమైన గ్లూటియస్ మ్యాక్సిమస్ మీద వేస్తుంది. గ్రాఫు నమ్మేలా ఉంటుంది, అంకె తప్పు. ఇంకోటి, కండర బలానికి 0 నుంచి 5 దాకా ఉండే గ్రేడ్లలో ఫిజియో ఇచ్చిన గ్రేడ్ 3ని అరవై శాతం అని రాసుకోకండి. గ్రేడ్ 3 అంటే భూమ్యాకర్షణకి ఎదురు కాలు ఎత్తగలగడం, అంతవరకే. ఆరోగ్యవంతుడి బలంలో అది చాలా చిన్న వాటా. కండర బలం కొలిచే డైనమోమీటరుతో కొలవండి.

మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో వచ్చింది. అంతకుముందే సోకినవాళ్లు ఇప్పుడు వయసు మీదపడి తుంటి నొప్పి, భుజం నొప్పి అంటూ వస్తున్నారు. వాళ్లకు కాలిపర్ (కాలికి కట్టే ఊత) ఇవ్వాలా, ఏ కండరానికి వ్యాయామం చెప్పాలా అన్నది మీ అంకెలు చూసి ఎవరో నిర్ణయించవచ్చు. లేని పని చేస్తోందని ఒక కండరం పేరు రాస్తే ఆ మనిషికే నష్టం.

మీ పాత రికార్డింగుల్లో చేతి బలం లేదు కదా, ఆయన్ని మళ్లీ పిలవడం కుదిరితే పిలవండి. కుదరకపోతే చేతి బలానికి సున్నా నుంచి పైకి కొన్ని విలువలు వేసి ఒక్కో దానికీ లెక్క నడపండి. అన్నిటిలోనూ నిలబడే ఫలితాన్నే రాయండి, తుంటి కండరాలకు ఒకే అంకె ఇవ్వకండి. లోడ్ సెల్ చెక్కముక్కల కొలతలు కావాలంటే కామెంట్‌లో అడగండి, పెడతాను.